అటక మీది పాత ఓవెన్ దించే ముందు

నవంబరు దాటిందంటే అనంతపురంలో చాలా ఇళ్లలో అటక మీంచి పాత ఓవెన్ కిందికి దిగుతుంది. క్రిస్మస్ కేకుకు ఎండు ద్రాక్ష నానబెట్టే రోజే దాని దుమ్ము కూడా దులుపుతారు. ఇరవై ముప్పై ఏళ్ల కిందటి ఈ రేకు పెట్టెలంటే నాకు ప్రాణం. లోపల ఉండేది వేడినిచ్చే రెండు ఎలిమెంటు రాడ్లు, వేడిని అదుపులో ఉంచే ఒక థర్మోస్టాట్, గంట కొట్టే టైమరు, ఒక స్విచ్చు, అంతే. ఏది పోయినా మార్చుకోవచ్చు. కానీ మార్చే తీరు తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది. మా ఇంట్లో అంత పనీ అయింది.

మూడేళ్ల కిందట మా అక్క ఓవెన్ ఆన్ చేస్తే చాలు, ఇంట్లో కరెంటు ట్రిప్ అయ్యేది. ఒక మెకానిక్ దగ్గరికి పంపితే సాయంత్రానికల్లా బాగుచేసి ఇచ్చాడు. ట్రిప్ కావడం ఆగింది. పండగ ముందురోజు అక్క తడిచేత్తో తలుపు పిడి పట్టుకుని, షాక్ కొట్టి వెనక్కి పడింది. ఆ క్షణంలోనే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు, పడిపోయింది కాబట్టి అక్క మాకు దక్కింది. తర్వాత వెనక రేకు విప్పి చూస్తే, ఎర్త్ తీగను కత్తిరించి, కొసకు టేపు చుట్టి వదిలేసి ఉంది.

అసలు లోపం రాడ్డులో ఉండింది. రాడ్డంటే ఒక స్టీలు గొట్టం, దాని నడుమ కరెంటుకు వేడెక్కే నిక్రోమ్ తీగ చుట్ట ఉంటుంది. తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. ఆ పొడి వేడిని బయటికి పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. ఏడాదంతా వాడకుండా పడేస్తే గొట్టం కొసల్లోంచి తేమ పీల్చుకుంటుంది, వానాకాలం ముసుర్ల తర్వాత మరీనూ. అప్పుడు కరెంటు ఆ పొడిలోంచి గొట్టానికీ, అక్కణ్నుంచి బాడీకీ పాకుతుంది. ఎర్త్ తీగ ఉంటే ఆ లీకేజీ దాని గుండా భూమిలోకి పోతుంది, లేకపోతే ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. లీకేజీ 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే ఆర్‌సీసీబీ పడిపోవాలి, దాని పనే అది. ట్రిప్ అవుతోందని ఎర్త్ తీసేస్తానన్న మనిషి చేతికి ఓవెన్ ఇవ్వకండి.

తేమ పట్టిన రాడ్డును ఊడదీసి, పనిచేసే ఇంకో ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే చాలాసార్లు దారికొస్తుంది. వచ్చిందో లేదో మామూలు మల్టీమీటరుతో తేలదు. మోటార్లు చుట్టేవాళ్ల దగ్గర మెగ్గర్ అని ఇన్సులేషన్ కొలిచే మీటరు ఉంటుంది, రాడ్డు కొసకూ గొట్టానికీ మధ్య 500 వోల్టుల మీద చూడమనండి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఆ రాడ్డు వద్దు.

ఓవెన్ సంగతి సరే, ఇంటి ఎర్త్ సంగతో? మనది వానలు తక్కువ పడే నేల. ఎర్త్ గుంత ఎండిపోయిందంటే గోడ సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నా ఉత్తదే. బొగ్గు, ఉప్పు వేసిన పాత గుంతైతే నాలుగు బిందెల నీళ్లు పోసి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ టెస్టర్ పెట్టి కొలిపించండి. పార్టులు కొనడానికి ముందే ఈ పని కానివ్వండి. తర్వాత మల్టీమీటరుతో ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ, ఓవెన్ బాడీలో రంగు లేని చోటుకూ మధ్య చూస్తే 1 ఓమ్ లోపే ఉండాలి.

విప్పేటప్పుడు ప్లగ్గు పీకేసి మీ కళ్లెదుటే పెట్టుకోండి. స్విచ్చు ఆపాం కదా అంటే కుదరదు. అటక మీంచి దించిన పెట్టెలో తేలు ఉండొచ్చు, ఎలుకలు వైర్లు కొరికి ఉండొచ్చు, కాబట్టి ముందు టార్చి వేసి చూడండి. 1980లకు ముందుదైతే గోడల మధ్య అట్టలాంటి తెల్లటి పొర ఆస్‌బెస్టాస్ కావచ్చు. కంటితో చూసి పోల్చుకోలేం. దాన్ని గీకొద్దు, ఊదొద్దు, దులపొద్దు. చిరిగి పొడి రాలుతుంటే ఆ ఓవెన్ మీద ఆశ వదులుకోండి.

లోపలి వైరింగులో నేను ఎక్కువగా చూసే తప్పు మామూలు ఇంటి వైరు వేయడం. దాని పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. గాజు నూలు తొడుగున్న వైరో, సిలికాన్ వైరో వేయాలి. రాడ్డు కొసల దగ్గర సోల్డరింగ్ పనికిరాదు. మామూలు సోల్డరు 183 డిగ్రీలకే మెత్తబడుతుంది. వైరు కొసకు లగ్గు (లోహపు తొడుగు) పెట్టి గట్టిగా నొక్కి, నట్టు బిగించాలి. నల్ల టేపు అసలొద్దు. వేడి మితిమీరితే కరెంటు తెంపే థర్మల్ ఫ్యూజు పోతే దాని మీద రాసిన డిగ్రీలు, ఆంపియర్లు చూసి అదే తేవాలి. రెండు కొసలకూ వైరు కలిపేస్తే కొంపలంటుకుంటాయి, నిజంగానే.

పార్టులకు వెళ్లేటప్పుడు పాత పార్టునే చేతిలో పట్టుకెళ్లండి. వెనక రేకు మీది వోల్టు, వాట్ల చీటీ ఫోటో తీసుకోండి. 230 వోల్టుల, 600 వాట్ల రాడ్డైతే దాని రెండు కొసల మధ్య దాదాపు 88 ఓమ్‌లు ఉండాలి. పొడవు, వంపు, కొస మర కూడా కలవాలి. థర్మోస్టాట్, టైమరు కొనేటప్పుడు 250 వోల్టులు, 15 లేదా 16 ఆంపియర్లు అని ఉందా, నాబు ఇరుసు అదే మందమా చూసుకోండి. ముందు మన పాతూరు అంగళ్లలో అడగండి. దొరక్కపోతే బెంగళూరు ఎస్.పి. రోడ్డుకో, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకో పోవచ్చు. గుజిరీ అంగడిలో అదే మోడలు చచ్చిన ఓవెన్ కనపడితే తలుపు అద్దం కోసమైనా కొనండి. అది వేడికి ఓర్చేలా గట్టిపరిచిన టెంపర్డ్ గాజు, దాని బదులు కిటికీ అద్దం పెడితే వేడికి పగులుతుంది.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఓవెన్‌తో ఇంకో గండం. అది 120 వోల్టులది. మన 230లో నేరుగా పెడితే మూడున్నర రెట్లకు పైగా వాట్లు లాగి నిమిషాల్లో మాడిపోతుంది. 1500 వాట్లదానికి 2000 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే వోల్టేజి తగ్గించే పెట్టె, కావాలి. అంత బరువూ ఖర్చూ పెట్టే బదులు ఇక్కడి ఓవెనే బాగుచేసుకోవడం మేలని నా మాట. మన 1500 వాట్ల ఓవెన్ కూడా ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే వాడండి. ఇన్వర్టరు మీద నడపొద్దు.

అన్నీ బిగించాక మొదటిసారి వరండాలో, పరదాలకు దూరంగా, ఖాళీగా అరగంట నడపండి. కాస్త పొగ, నూనె వాసన వస్తాయి, తగ్గిపోతాయి. ప్లాస్టిక్ కాలిన వాసనొస్తే వెంటనే ఆపేయండి. ప్లగ్గు పట్టుకుని చూస్తే గోరువెచ్చగా ఉండొచ్చు, చుర్రుమనకూడదు. పాత థర్మోస్టాట్ చూపే డిగ్రీలను నమ్మకండి, లోపల ఓవెన్ థర్మామీటరు పెట్టి సరిచూసుకోండి. మా అక్క ఓవెన్ 180 దగ్గర పెడితే 205 చూపించింది. ఇప్పుడు నాబు మీద 155 దగ్గర నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకుంది, కేకు అక్కడే కాలుస్తుంది.