శ్లేష నేర్చుకుందాం – 3వ పాఠం: మాట ఒకటి, భాషలు రెండు

పోయిన పాఠంలో ‘చెప్పు’ను కాలికీ నోటికీ వాడి చూశాం. అది ఒకే భాషలో ఆట. ఈసారి మాట మారదు, భాష మారుతుంది. సంస్కృత అలంకారికుల్లో (కావ్యశాస్త్రం రాసినవాళ్లలో) రుద్రటుడు శ్లేషను 8 విధాలు చేసి, అందులో భాషాశ్లేషకూ (ఒకే పలుకు రెండు భాషల్లో అర్థమిచ్చేదానికీ) చోటిచ్చాడు. మనకు ముడిసరుకు ఇంకా దగ్గరే ఉంది. అనంతపురం పడమట కన్నడం, కర్నూలు, కడప వీధుల్లో దక్కనీ ఉర్దూ రోజూ చెవిన పడేవే.

ముందు మాట ఏరుకోవాలి. ‘ఉప్పు’ కన్నడంలోనూ ఉప్పే, దాంతో నవ్వు పుట్టదు. పలుకు అచ్చంగా ఒకటై, అర్థాలు ఎడంగా ఉండాలి. ‘ఊట’ అలాంటిది: కన్నడంవాళ్లకు భోజనం, మనకు నేలలో ఊరే నీళ్లు.

బళ్లారి చుట్టం: “ఊట ఆయ్తా?” (భోజనం అయిందా?)
అనంతపురం రైతు: “యాడయిందన్నా, ఇంగా తవ్వుతానే ఉండాం!”

బలమంతా ‘తవ్వుతా’లో ఉంది. జవాబులో ఒక్క మాటైనా రెండో అర్థానికే అతకాలి. ‘ఇంకా లేదు’ అని ఊరుకుంటే రెండు అర్థాలకూ సరిపోతుంది కానీ, శ్లేష పడిందని ఎవరికీ తెలియదు. పైగా బోర్లెండే సీమలో పేలినంతగా కాలవ కింది ఊళ్లో ఇది పేలదు.

‘నక్కో’ దక్కనీలో ‘వద్దు’, తెలుగులో ‘దాక్కో’. బిర్యానీ వడ్డిస్తుంటే చుట్టం “నక్కో, నక్కో!” అన్నాడనుకోండి, వడ్డించేవాడు గిన్నెతో సహా తలుపు చాటుకు పోవాలి. జవాబు నోటితో చెప్పకూడదు, చేసి చూపాలి. రూపం మాత్రం కదిలించొద్దు: ‘నక్కినాడు’ అన్నారంటే దక్కనీ రాలిపోతుంది.

‘చావల్’ (దక్కనీలో బియ్యం) కాస్త మొండిది. “చావల్ కొనల్లంటే చావల్ల!” అని సీమ యాసలో అంటే అతుకుతుంది. ‘చావాలి’ అనేవాళ్ల నోట ‘వా’ సాగి చెడుతుంది. కాగితం మీద అయితే మరీ పేలవం. నోటితోనే వాడండి, చివరి ‘ల్ల’ను సగం మింగండి.

ఎక్కువగా చెడేది వినేవాడికి రెండో భాష రాకపోవడం వల్ల. ఆ మాటను రెండు నిమిషాల ముందే మామూలుగా వాడి, అర్థం చెవిన వేసి ఉంచండి. పేల్చాక విడమర్చి చెప్పేది చల్లారిన మిరపకాయ బజ్జీ. ఎదుటివాడి యాసను సాగదీసి నవ్వించడం శ్లేష కాదు, వెక్కిరింత.

అభ్యాసం: మూడు గళ్లు గీయండి – మాట, మన అర్థం, వాళ్ల అర్థం. పది మాటలు రాస్తే రెండు నిలిచినా మేలే. మొదటి రెండూ మేమిస్తాం. ‘హాలు’ కన్నడంలో పాలు, పెళ్లింట్లో “హాలు ఎల్లి?” (ఎక్కడ) అని అడిగినవాడికి ఒక జవాబు కట్టండి. ‘బేడ’ కన్నడంలో వద్దు, మనకు ఒకప్పటి రెండణాల నాణెం. పెద్దవాళ్ల దగ్గరే చెల్లుతుంది.

వచ్చే పాఠం విరుపు శ్లేష, అంటే మాటల్ని వేరే చోట విరిచి ఇంకో అర్థం తీయడం. కవి పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యాన్ని రామాయణానికీ భారతానికీ ఎలా విరిచాడో చూద్దాం.