కోడ్‌తో బ్రౌజర్‌ను తెరవడం, తెరిచి ఉన్న బ్రౌజర్‌కు కోడ్‌ను కలపడం

నెల్లూరు జిల్లా విడవలూరు వైపు రొయ్యల చెరువులున్న మా బాబాయి రోజూ ఉదయం ఒక కొనుగోలుదారు సైటు తెరిచి, 30 కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) మొదలు 100 కౌంట్ దాకా ఆ రోజు ధరలను నోటు పుస్తకంలో రాసుకునేవారు. ఆ పనిని కోడ్‌కు అప్పగించబోయినప్పుడు మొదట తేల్చుకోవలసి వచ్చిన సంగతి ఒకటే: బ్రౌజర్‌ను కోడే తెరవాలా, లేక బాబాయి తెరిచి లాగిన్ అయి ఉన్న బ్రౌజర్‌కు కోడ్ వెళ్లి కలవాలా?

లాగిన్ అక్కర్లేని పేజీలకు మొదటి పద్ధతే మేలు. పైథాన్‌లో ప్లేరైట్ (బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపే లైబ్రరీ) వాడేవారు, పైథాన్ లైబ్రరీలను ఎక్కించే పిప్‌తో దాన్ని ఎక్కించాక, 'ప్లేరైట్ ఇన్‌స్టాల్ క్రోమియం' అనే ఆదేశాన్ని కూడా ఇవ్వాలి. ఇది మరిచిపోతే బ్రౌజర్ ఫైలే దొరకలేదన్న తప్పు వస్తుంది. ఆ తరువాత క్రోమియం (క్రోమ్‌కు మూలమైన బ్రౌజర్) మీద 'లాంచ్' పిలిస్తే బ్రౌజర్ కంటికి కనిపించకుండా తెరుచుకుంటుంది. కొత్తగా రాసేటప్పుడు 'హెడ్‌లెస్' విలువను 'ఫాల్స్' చేసి, ఏం జరుగుతున్నదో కళ్లతో చూడడం మంచిది. ఇలా తెరిచిన ప్రతిసారీ ప్రొఫైల్ కొత్తది, లాగిన్‌ను గుర్తుంచే కుకీలు ఉండవు; అంటే మా బాబాయి ఫోనుకు ప్రతి ఉదయం ఓటీపీ వస్తుంది, ఆయన అప్పటికే చెరువు గట్టు మీద ఉంటారు.

అందువల్ల మాకు రెండో పద్ధతే పనికివచ్చింది. విండోస్‌లో క్రోమ్ షార్ట్‌కట్‌కు ఒక నకలు చేసి, దాని ప్రాపర్టీస్‌లోని టార్గెట్ గడి చివర, రెండేసి చిన్న గీతలతో మొదలయ్యే రెండు మాటలు చేర్చాలి: ఒకటి, బయటి కోడ్ వచ్చి కలిసే ద్వారాన్ని (పోర్టును) తెరిచే 'రిమోట్-డీబగ్గింగ్-పోర్ట్=9222', రెండోది 'యూజర్-డేటా-డిర్' అని రాసి, సమాన గుర్తు తరువాత మీరు కొత్తగా పెట్టుకున్న ఫోల్డర్ దారి. ఈ రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. 2025లో వచ్చిన క్రోమ్ 136 నుంచి, మామూలు ప్రొఫైల్ ఫోల్డర్‌తో తెరిస్తే ఆ పోర్టు మాటను క్రోమ్ పట్టించుకోదు.

ఆ షార్ట్‌కట్‌తో క్రోమ్ తెరిచి, ఒకసారి చేత్తో లాగిన్ అవ్వాలి. తరువాత అదే బ్రౌజర్‌లో 127.0.0.1:9222 (మన యంత్రం చిరునామా, ఆ పోర్టు) చిరునామాకు '/జేసన్/వెర్షన్' చేర్చి తెరిస్తే, వెర్షన్‌తో పాటు, కోడ్ కలవడానికి పనికివచ్చే వెబ్‌సాకెట్ చిరునామా కనిపించాలి. అది కనిపించనిదే కోడ్ జోలికి వెళ్లవద్దు. మన యంత్రానికే పేరైన 'లోకల్‌హోస్ట్' అని కాక అంకెలే రాయమనడానికి కారణం ఉంది: కొన్ని యంత్రాలలో ఆ పేరు ఐపీవీ6 అనే వేరే తరహా చిరునామాకు తిరిగి, కనెక్షన్ నిరాకరించబడింది అన్న తప్పు వస్తుంది.

ప్లేరైట్ కోడ్‌లో 'కనెక్ట్ ఓవర్ సీడీపీ'కి (సీడీపీ అంటే బయటి ప్రోగ్రాములు క్రోమ్‌తో మాట్లాడే పద్ధతి) http://127.0.0.1:9222 అన్న చిరునామా ఇవ్వాలి. కలిసిన తరువాత అలవాటు కొద్దీ 'న్యూ కాంటెక్స్ట్' పిలిస్తే, అది లాగిన్ ఎరగని ఖాళీ గది వంటిది. కాంటెక్స్ట్‌ల జాబితాలో మొదటిదాన్ని, అనగా సున్నా స్థానంలో ఉన్నదాన్ని తీసుకొని, అందులో కొత్త పేజీ తెరిస్తేనే బాబాయి లాగిన్ మనకూ పనిచేస్తుంది. ప్లేరైట్ వంటిదే అయిన సెలీనియంలో ఇదే పనికి క్రోమ్ ఆప్షన్లలో 'డీబగ్గర్ అడ్రస్' అనే విలువ ఉంది. ఈ దారి క్రోమియం జాతి బ్రౌజర్లకే గాని ఫైర్‌ఫాక్స్‌కు కాదు.

ముగింపులో నేను చేసిన పొరపాటు చెప్పుకోవాలి. మొదట, ఇలాంటిదే మరో లైబ్రరీ అయిన పప్పెటీర్‌తో రాసినప్పుడు చివరి వరుసలో 'క్లోజ్' పెట్టాను. బాబాయి మేత బిల్లు వివరాలు నింపుతుండగా క్రోమ్ మొత్తం మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే లాగిన్ కూడా పోయి ఉంది. "నీ పని నువ్వు చేసుకోరా, నా కిటికీ ఎందుకు మూస్తావు?" అన్నారాయన. పప్పెటీర్‌లో అక్కడ రాయవలసింది 'డిస్‌కనెక్ట్'. తాను తెరిచిన పేజీని మాత్రం కోడ్ మూసివేయాలి.

9222 పోర్టుకు సంకేతపదం ఏదీ ఉండదు. దానిని చేరగలిగిన ఏ ప్రోగ్రామైనా ఆ బ్రౌజర్‌లోని కుకీలను చదవగలదు, బ్రౌజర్‌ను నడపగలదు. కనుక ఆ పోర్టును నెట్‌వర్క్‌లోని ఇతర యంత్రాలకు తెరవకూడదు. ఆ ఫోల్డర్‌తో బ్యాంకు సైటులోకి లాగిన్ కావద్దని బాబాయికి గట్టిగా చెప్పాను.

ఇప్పుడు ఉదయం ఏడింటికి కోడ్ నడుస్తుంది. ధరల పట్టిక కనిపించకపోతే లాగిన్ కోసం ప్రయత్నించదు, ఆ పేజీని అలాగే తెరిచి ఉంచి ఆగిపోతుంది. బాబాయి వచ్చి ఓటీపీ కొట్టాక మళ్లీ నడిపిస్తారు.