అటక మీది పాత మిక్సీ వయసు కనిపెట్టడం ఎలా?

విశాఖ అల్లిపురంలో మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు ఖాళీ చేసినప్పుడు అటక మీంచి ఒక మిక్సీ, రెండు కుక్కర్లు, ఒక కిరసనాయిలు స్టవ్ దిగాయి. మిక్సీ ఎప్పటిదమ్మా అంటే "మీ మావయ్య పెళ్లప్పటిది" అంది అమ్మ. "కాదు, నేను కాలేజీలో ఉన్నప్పుడే ఉంది" అన్నాడు మావయ్య. ఇలాంటి తగువు మీ ఇంట్లోనూ ఉంటే, పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చే ముందు ఒక పూట దానితో కూర్చోండి.

1. ప్లగ్గు పెట్టకండి, ముందు రేకు తుడవండి

ఏళ్ల తరబడి అటక మీద ఉన్న వైరు లోపల పెళుసుబారి ఉంటుంది. "తిరుగుతుందో లేదో చూద్దాం" అనే సరదా మెకానిక్‌కి వదిలేయండి. మీకు కావలసింది మిక్సీ అడుగునో వెనకో కంపెనీ పేరు, అడ్రసు, నంబర్లతో ఉండే చిన్న రేకు. మన ఊరి ఉప్పుగాలికి ఆ రేకు తెల్లగా పొక్కిపోయి ఉంటుంది. ఇత్తడి సామానుకి చేసినట్టు నేను చింతపండు పెట్టి రుద్దాను. మురికితో పాటు సీరియల్ నంబరులో చివరి అంకెలు కూడా పోయాయి. మీరు ఆ పని చేయకండి. మెత్తటి గుడ్డకు ఒక చుక్క కొబ్బరినూనె చాలు. అప్పటికీ అక్షరాలు కనబడకపోతే గది చీకటి చేసి, సెల్‌ఫోన్ టార్చ్‌ని రేకు పక్కనుంచి ఏటవాలుగా వేయండి. గుంటలు పడిన అక్షరాలు నీడతో పైకి తేలతాయి. వెంటనే ఫోటో తీసుకోండి.

2. బ్రాండు కన్నా అడ్రసు చదవండి

అందరూ పేరు చూసి ఆగిపోతారు. కానీ ఒకే పేరు నలభై ఏళ్లు నడుస్తుంది, దాన్నిబట్టి వయసు తేలదు. కాలం చెప్పేది అడ్రసే. పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. రేకు మీద ఆరంకెల పిన్ ఉంటే ఆ సామాను అంతకు ముందుది కాదు. "మద్రాస్–17" తరహాలో ఉత్త పోస్టల్ జోన్ నంబరే ఉంటే పాతదయ్యే అవకాశం ఎక్కువ, కానీ ఖాయం కాదు. పాత అలవాటు ఒక్కరోజులో పోదు కదా. తర్వాత ఊరి పేరు చూడండి. బొంబాయి 1995లో ముంబై అయింది, మద్రాస్ 1996లో చెన్నై అయింది, ఇంగ్లీషులో Bangalore స్పెల్లింగు 2014లో Bengaluru అయింది. పాత రేకులు అయిపోయేదాకా కంపెనీలు వాడేస్తాయి కాబట్టి ఇక్కడ ఏడాదో రెండేళ్లో అటూ ఇటూ వేసుకోండి.

ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని పైన ఉండే ఐఎస్ నంబరు, కింద ఉండే సీఎం/ఎల్ (CM/L) నంబరు రాసుకోండి. ఆ లైసెన్సు నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. మరీ పాతది అందులో దొరక్కపోయినా కంగారుపడక్కర్లేదు.

3. తయారుచేసినవాళ్ల కథ తెలిస్తే సగం పని అయినట్టే

మిక్సీ మన ఇళ్లకి రావడం వెనక ఒక కాలిపోయిన మోటారు ఉంది. బొంబాయిలో ఉండే మాధురీ మాథుర్ వాడే విదేశీ మిక్సీ చెడిపోయింది. బాగుచేయించే దారి లేకపోవడంతో, ఇంజనీరైన ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ 1960లలో మన వంటకి తట్టుకునే యంత్రం తయారీకి పూనుకున్నారు. అలా వచ్చింది సుమీత్. పళ్లరసం తీయడానికి చేసిన మోటారు చేత పసుపుకొమ్ములు కొట్టిస్తే, నానబెట్టిన మినప్పప్పు రుబ్బిస్తే కాలిపోక ఏమవుతుంది! మద్రాసులో 1978లో ప్రీతి మొదలైంది. 2011లో దాన్ని ఫిలిప్స్ కొనుక్కుంది. కాబట్టి ప్రీతి మిక్సీ మీ తాతయ్య 1970లో కొన్నారని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

హాకిన్స్ కుక్కర్ల కంపెనీని 1959లో బొంబాయిలో హెచ్.డి. వాసుదేవ పెట్టారు. ప్రెస్టీజ్‌ది దక్షిణాది టీటీకే కుటుంబం. మామూలు రకాల్లో హాకిన్స్ మూత గిన్నె లోపలికి దూరి బిగుస్తుంది, ప్రెస్టీజ్ మూత బయటనుంచి తిరిగి పడుతుంది. అక్షరాలు చెరిగిపోయిన కుక్కరుకి ఈ తేడా పనికొస్తుంది. గ్రైండరైతే కోయంబత్తూరు పేరు వెతకండి. చాలావాటి పుట్టిల్లు అదే.

4. బిల్లు, చుట్టిన పేపరు

బిల్లు మీద తేదీ చిరిగిపోయినా పన్ను పేరు మిగులుతుంది. ఏపీజీఎస్టీ (అప్పటి రాష్ట్ర అమ్మకం పన్ను) అని ఉంటే 2005కి ముందుది. వ్యాట్ అనో, టిన్ (వ్యాపారి పన్ను నంబరు) అనో ఉంటే ఆ తర్వాతది. ఇప్పటి జీఎస్టీ 2017 జూలైలో వచ్చింది. పాత ఏపీజీఎస్టీని చూసి ఇప్పటిదని పొరబడకండి.

జారుకు చుట్టిన పేపరు తేదీ కొన్న తేదీ కాదు, కట్టి అటక ఎక్కించిన తేదీ. ఈనాడు 1974 ఆగస్టు 10న మన విశాఖలోనే పుట్టింది. ఆ కాలపు ప్రకటనలు చూడాలనుకుంటే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పాత సంపుటాలు ఏయే ఏళ్లవి ఉన్నాయో అడగండి.

5. పెద్దవాళ్లని అడిగే పద్ధతి

"ఏ సంవత్సరం?" అంటే ఎవరికీ గుర్తురాదు. "అప్పుడు ఏ ఇంట్లో ఉన్నాం? గ్యాస్ వచ్చిందా? రుబ్బురోలు ఎప్పుడు ఆపేశారు?" అని అడగండి. మన ఊళ్లో తుఫానుతో ఇంకో కొలత ఉంది: హుద్‌హుద్‌కి ముందా, తర్వాతా? 2014 అక్టోబరు 12 తర్వాత కరెంటు లేని రోజుల్లో పచ్చడి దేంతో నూరారో అడిగితే మొత్తం వంటిల్లు బయటికొస్తుంది.

పెళ్లిలో వచ్చిన సామాను మీద పేరు, తేదీ కొట్టించి ఉంటాయి. కుక్కరు అడుగు, పిడి పక్క, మూత అంచు వేలితో తడిమి చూడండి. చుక్కలు తగులుతాయి.

మా మిక్సీ రేకు మీద మద్రాస్, పక్కన పిన్ ఉన్నాయి. అంటే 1972కీ, ఇంచుమించు 1996కీ మధ్యది. అమ్మా మావయ్యా ఇద్దరూ ఆ లెక్కలోనే పడతారు కాబట్టి తగువు అలాగే ఉంది. కుక్కరు గిన్నె మీద మాత్రం మావయ్య పెళ్లి తేదీ దొరికింది. దాని మూత మీద వేరే ఎవరిదో పేరుంది. ఏ పేరంటంలోనో పక్కింటివాళ్ల మూతతో మారిపోయి ఉంటుంది.