పాత మినీ కంప్యూటర్ కన్సోల్‌కి పేపర్ క్లిప్ పరీక్ష
పాత మినీ కంప్యూటర్ పీడీపీ-11/23కి కన్సోల్‌గా టెర్మినల్ (కీబోర్డు, స్క్రీన్ ఉన్న పరికరం) తగిలించి పవర్ ఇస్తే ఒక్కోసారి స్క్రీన్ మీద ఒక్క అక్షరం రాదు. తప్పు మెషీన్‌దా, కేబుల్‌దా అని ఒకటే టెన్షన్. నేను రెండు సాయంత్రాలు బోర్డులు ఊడదీసి చూశాను, తీరా చూస్తే కేబుల్‌లో తీగ తెగి ఉంది.

ఇప్పుడు ముందు చేసే పని ఇది. టెర్మినల్‌ని 9600 బాడ్ (డేటా పంపే స్పీడు), 8 బిట్లు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) లేకుండా, 1 స్టాప్ బిట్‌కి (అక్షరం ముగిసిందని చెప్పే బిట్) పెట్టి లోకల్ ఎకో, అంటే నొక్కిన అక్షరాన్ని టెర్మినలే స్క్రీన్ మీద చూపించడం, ఆపేస్తాను. కేబుల్‌ని మెషీన్ వైపు తీసేసి, ఆ 25 పిన్నుల కనెక్టర్‌లో డేటా పంపే, అందుకునే 2, 3 పిన్నులను పేపర్ క్లిప్‌తో కలుపుతాను. కీ నొక్కితే అక్షరం పడాలి, క్లిప్ తీస్తే ఆగిపోవాలి. అలా జరిగితే టెర్మినల్, ఆ రెండు తీగలు బాగున్నట్టే.

తర్వాత కేబుల్ మళ్లీ పెట్టి మెషీన్‌ని హాల్ట్ చేస్తే (ప్రోగ్రామ్ నడవకుండా ఆపితే) మెషీన్ నుంచి @ గుర్తు రావాలి. రాకపోతే మధ్యలో నల్ మోడెమ్ అడాప్టర్ వేసి చూడండి. అది 2, 3 పిన్నులను అటూ ఇటూ మారుస్తుంది. గ్రౌండ్ అయిన 7 మాత్రం నేరుగా 7కే వెళ్లాలి.

ఒక్క జాగ్రత్త: టెర్మినల్‌కీ మెషీన్‌కీ మధ్య స్పీడు తేడా ఈ క్లిప్ పరీక్షలో బయటపడదు, పంపేదీ అందుకునేదీ ఒకే టెర్మినల్ కదా. @ బదులు పిచ్చి గుర్తులు వస్తుంటే మెషీన్‌లో టెర్మినల్ కేబుల్ తగిలే సీరియల్ బోర్డు మీద బాడ్ జంపర్ (స్పీడు ఎంచుకునే చిన్న కనెక్షన్) చూడండి.