"చాలా బాగుందండీ" అంటారు, ఆర్డరు మాత్రం రాదు: ప్రజెంటేషన్ ఎక్కడ చెడిందో వెతకడం

రైసు మిల్లుల, శీతల గిడ్డంగుల యజమానులకు కప్పు మీద పెట్టే సోలార్ ప్లాంట్ల ప్రతిపాదనలు చూపించడం ఏళ్ల తరబడి నా పని. ఇప్పుడు కుర్రాళ్లు చెడగొట్టుకొచ్చిన ప్రజెంటేషన్లకు మరమ్మతు చేయడంతోనే సగం రోజు గడిచిపోతోంది. స్లైడు నిండా రాయకూడదు, తెర వైపు తిరిగి చదవకూడదు, ల్యాప్‌టాప్ చార్జింగు చూసుకోవాలి అన్నవి మీకు తెలిసే ఉంటాయి. వాటి జోలికి వెళ్లను.

లక్షణం: ఐదో నిమిషానికే అందరూ ఫోన్లు తీస్తారు

కారణం: మొదటి మూడు స్లైడ్లూ మీ సంస్థ చరిత్రే. స్థాపించిన సంవత్సరం, అందుకున్న జ్ఞాపికలు, దేశపటం మీద ఎర్ర చుక్కలు. ఎదుటివారికి వీటితో పని లేదు.

పరిష్కారం: మొదటి స్లైడులో ఆ యజమాని కరెంటు బిల్లే పెట్టండి. ఏడాది బిల్లులు ముందే అడిగి తెచ్చుకుని, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన నెల అంకెను పెద్ద అక్షరాల్లో చూపించండి. మన ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. 100 కిలోవాట్లకు ఏడాదికి 1,46,000 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే 10 లక్షల పైమాటే. ఈ గుణకారం ఆయన చేతే చేయించండి. వేళ్లు కాలిక్యులేటర్ మీద ఉన్నంతసేపు వాట్సాప్ మీదికి పోవు.

లక్షణం: తెలుగు స్లైడ్లలో పిచ్చి గీతలు

పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసి, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచారు. యూనికోడ్‌లో టైపు చేయండి. పెన్‌డ్రైవులో ఒక పీడీఎఫ్ కాపీ కూడా ఉంచుకోండి. ప్రొజెక్టరులో బొమ్మే రాకపోతే విండోస్ మీటతో పాటు 'పి' నొక్కి 'డూప్లికేట్' ఎంచుకోండి. అంతే.

లక్షణం: "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అంటే నిశ్శబ్దం

చివరి స్లైడు చూడండి. "ధన్యవాదాలు" అని ఉందా? దొరికింది కారణం. మీరు వారిని ఏమీ అడగలేదు, వారు దేనికి బదులివ్వాలి? సమావేశం ముగిసేసరికి ఎవరు దేనికి సరే అనాలి? బయలుదేరే ముందు ఈ ఒక్క ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాసుకోమని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. స్లైడ్ల రంగులు మూడుసార్లు మారుస్తారు గాని, ఆ వాక్యం రాయరు.

పరిష్కారం: ధన్యవాదాలు నోటితో చెప్పండి. స్లైడు మీద "కప్పు బలం పరీక్షించడానికి మా ఇంజినీరును ఈ నెల 20లోగా రానివ్వండి" అని రాయండి. మొదటి రోజే 45 లక్షలకు సంతకం ఎవరూ పెట్టరు, ఇంజినీరును రానివ్వడానికి పెద్దగా ఆలోచించరు.

లక్షణం: అందరూ మెచ్చుకుంటారు, తర్వాత ఫోను ఎత్తరు

అసలు మోసం చేసేది ఇదే. ధర ఎక్కువైందనుకుంటారు అందరూ. నేనూ అలాగే అనుకుని తగ్గించాను. పరువు తగ్గింది, ఆర్డరు మాత్రం రాలేదు.

గుంటూరు దగ్గర ఒక మిర్చి గిడ్డంగి. యజమాని కుర్రవాడు, చురుకైనవాడు. లెక్క చెబుతుంటే ముందుకు జరిగి కూర్చున్నాడు. బల్ల చివర లెక్కలు చూసే పెద్దాయన, తండ్రిగారి కాలం నుంచీ ఉన్న మనిషి. గంటసేపు ఒక్క మాటా మాట్లాడలేదు. నేనిచ్చిన కాగితంలో ఒక్క చోట మాత్రం పెన్నుతో చిన్న గీత పెట్టి, కాగితం బోర్లించేశాడు. చివర్లో కుర్రవాడు అటు తిరిగి "ఏమంటారు బాబాయ్ గారూ?" అన్నాడు. "చూద్దాంలెండి బాబూ, ముందు సీజన్ కానివ్వండి." అంతే. ఆ సీజనూ అయింది, తర్వాతిదీ అయింది.

ఆ గీత దేని కిందో చాలా రోజులకు తెలిసింది. అప్పు వాయిదా ఏప్రిల్ నుంచి మొదలవుతుందని రాశాను. ఏప్రిల్ అంటే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లోపలికి వచ్చే కాలం. కూలీల ఖర్చు, కరెంటు ఖర్చు రెండూ నెత్తి మీద ఉంటాయి. అద్దె డబ్బు చేతికొచ్చేది సరుకు బయటికి తీసేటప్పుడు. అప్పటిదాకా బ్యాంకుకు సర్దాల్సింది ఆ పెద్దాయనే. నా లెక్కలో ఏడాది మొత్తం మీద లాభం ఉంది. ఆయనకు మాత్రం ఏప్రిల్‌లో చిల్లు కనిపించింది.

కారణం ఒక్క మాటలో: మీ ప్రతిపాదన వల్ల ఎవరి నెత్తిన పని పడుతుందో వారిని ముందు కలవలేదు. నలుగురిలో వారు అభ్యంతరం చెప్పరు. చెబితే యజమానికి అడ్డు తగిలినట్టుంటుంది. మీరు వెళ్లాక టీ తాగుతూ చెబుతారు, అప్పుడు జవాబివ్వడానికి మీరు అక్కడ ఉండరు.

జపాన్‌లో ఈ ముందస్తు మాటలకు 'నెమవాషి' అని పేరే ఉంది. పెద్ద చెట్టును వేరేచోట నాటేముందు దాని వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చేయడం ఆ మాటకు అసలు అర్థం.

పరిష్కారం: యజమానికి చెప్పిన తర్వాతే, సమావేశానికి రెండు రోజుల ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. ల్యాప్‌టాప్ వద్దు, ఒక కాగితం చాలు. "మా వైపు మాట్లాడండి" అని అడగకండి, కాకా పట్టకండి. "ఇది పెడితే మీకు వచ్చే ఇబ్బంది ఏమిటి?" అని అడిగి ఊరుకోండి. మొదట "ఏముంటుందండీ" అంటారు. కదలకండి, రెండో జవాబు అసలుది. దాన్ని తెచ్చి ప్రజెంటేషన్‌లో స్లైడు చేయండి. నా విషయంలో అయితే, వాయిదాలు సరుకు బయటికి తీసే నెలల నుంచి మొదలయ్యేలా బ్యాంకుతో మాట్లాడిన పట్టిక ఒక్కటి సరిపోయేది.

సమావేశం ఇప్పటికే అయిపోయిందా? యజమానికి మూడోసారి ఫోను చేయకండి. బల్ల చివరి మనిషికి చేయండి.

ఆ గిడ్డంగి కప్పు మీద ఇప్పుడు ప్యానెళ్లున్నాయి. మేము పెట్టినవి కావు.

మిగతావి

గొంతు వణకడం, చొక్కా రంగు, స్లైడ్ల మధ్య యానిమేషన్: వీటి వల్ల ఆర్డరు పోవడం నేను చూడలేదు. కరెంటు పోతే కాగితం మీద చెప్పండి, ఇంకా శ్రద్ధగా వింటారు. ఈశాన్యం మూల బరువు పెట్టకూడదని ఒక్కసారి అన్నారు. ఆ మూల వదిలేసి మళ్లీ గీసి ఇచ్చాం.