కరెంట్ బలంగా ఉన్న రీఫ్‌లో స్కూబా డైవింగ్ ఎలా చేయాలి?

శంషాబాద్‌లో పొద్దున్నే విమానం ఎక్కితే మధ్యాహ్నానికల్లా పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో ఉంటాం. అందుకే హైదరాబాద్ నుంచి డైవింగ్‌కి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు. ముందు హావ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో ఓపెన్ వాటర్ కోర్సు. తర్వాత అడ్వాన్స్‌డ్. ఆ వెంటనే మాల్దీవుల ఛానెళ్లు (రీఫ్‌ల, అంటే పగడపు దిబ్బల మధ్య నీటి దారులు), ఇండోనేషియాలో కొమోడో. చేపల గుంపులు, షార్క్‌లు, మాంటా రే చేపలు కరెంట్, అంటే నీటి ప్రవాహం ఉన్నచోటికే వస్తాయి కాబట్టి ఆ కోరిక తప్పు కాదు.

తప్పు ఎక్కడ జరుగుతోందంటే, వీళ్లలో చాలామందికి కిందికి దిగడం వచ్చు, చేపలతో ఫొటోలు దిగడం వచ్చు, చివర్లో ఎస్‌ఎంబీ పైకి వదలడం మాత్రం రాదు. ఎస్‌ఎంబీ అంటే నీళ్లలోంచి మనం గాలి ఊది పైకి పంపే నారింజ రంగు పొడవాటి గొట్టం. మనం ఎక్కడ ఉన్నామో పడవవాడికి చెప్పేది అదొక్కటే. కరెంట్ లేని చోట అది లేకపోయినా గడుస్తుంది. కరెంట్ ఉన్నచోట గడవదు. ఒక నాట్ వేగమంటే నిమిషానికి 30 మీటర్లు. పైకి తేలేముందు ఆగాల్సిన మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్ పూర్తయ్యేసరికి 90 మీటర్లు కొట్టుకుపోతారు. రెండు నాట్లయితే 180. అలల మధ్య తల ఒక్కటే కనిపిస్తే అంత దూరంలో ఎవరూ గుర్తుపట్టలేరు.

తేదీ ఎంచుకోవడం

టికెట్లు బుక్ చేసేముందు క్యాలెండర్‌లో తిథి చూడండి. పున్నమికి, అమావాస్యకి ఆటుపోట్లు పెద్దవి, కరెంట్ కూడా బలంగా ఉంటుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు తక్కువ. మొదటిసారి కరెంట్‌లో దిగేవాళ్లు అష్టమి ఉన్న వారమే వెళ్లాలి. లాంగ్ వీకెండ్ వచ్చిందని పున్నమి నాడు కొమోడో వెళ్లి కష్టపడకండి. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటలు ఉంటుంది. ఏ సైట్‌లో ఏ గంటకు దిగాలో అక్కడి గైడ్‌కి తెలుస్తుంది. ఆ విషయంలో ఆయన మాట వినండి, బ్రేక్‌ఫాస్ట్ కోసం డైవ్ ఆలస్యం చేయమని అడగకండి.

మాల్దీవుల్లో డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. అప్పుడు తూర్పు వైపు ఛానెళ్లలో సముద్రం నీరు లోపలికి వస్తుంది, నీళ్లు తేటగా ఉంటాయి, షార్క్‌లు ఛానెల్ ముఖద్వారం దగ్గర చేరతాయి. అక్కడ సరదా డైవింగ్‌కి చట్టప్రకారం హద్దు 30 మీటర్లు. అడ్వాన్స్‌డ్ కోర్సు పూర్తి చేయకుండా అటు వెళ్లొద్దు.

సామాను

మాస్క్, పాదాలకు తొడిగే ఫిన్స్, లోతు చూపే డైవ్ కంప్యూటర్, విజిల్, చిన్న అద్దం, దారం కోసే కట్టర్. వీటి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఎస్‌ఎంబీ మాత్రం సొంతది ఉండాలి, మీటరున్నర కంటే పొట్టిది కొనకండి. నోటితో ఊదే వాల్వ్, గాలి ఎక్కువైతే వదిలేసే వాల్వ్ రెండూ ఉన్న మూసిన రకమే తీసుకోండి. కింద తెరిచి ఉండే రకం చవకే గానీ, పైకి వెళ్లి పక్కకు వాలిందంటే గాలంతా పోతుంది.

ఎస్‌ఎంబీకి కట్టే దారానికి స్పూల్ కొనండి, రీల్ వద్దు. రీల్‌కి పిడి, లాక్, తిరిగే ఇరుసు ఉంటాయి. దారం ఒక చుట్టు పక్కకు జారి ఇరుసులో పడితే అక్కడే బిగుసుకుపోతుంది. స్పూల్ అంటే మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ చక్రం, అంతే. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. చుట్టడం నెమ్మది అంటారు. పైకి రావాల్సింది కూడా నెమ్మదిగానే కదా! 30 మీటర్ల దారం ఉన్నది సరిపోతుంది.

దిగడం, రీఫ్ మీద ఉండటం

గైడ్ ఒకటి, రెండు, మూడు అనగానే అందరూ ఒకేసారి దూకాలి. బీసీడీలో, అంటే గాలి నింపితే తేల్చే జాకెట్‌లో గాలి ముందే తీసేసి ఉంచండి. నీళ్ల పైన ఆగి మాస్క్ సర్దుకుంటే మిగతావాళ్లు రీఫ్ మీద ఉంటారు, మీరు రీఫ్ దాటిపోయి ఉంటారు. దిగేటప్పుడు చెవులు సర్దుకోని వాళ్లు ఇలాంటి సైట్‌లో దిగకూడదు.

కింద నేలకు దగ్గరగా ఉండండి. రాళ్ల రాపిడికి అక్కడ కరెంట్ కాస్త తగ్గుతుంది. చేపలు ఎటు తల పెట్టి ఈదుతున్నాయో చూస్తే నీరు ఎటు నుంచి వస్తోందో తెలిసిపోతుంది. ఎదురీదకండి. ఫుల్ కిట్‌తో ఒక నాట్ కరెంట్‌కి ఎదురు ఈదితే మామూలు మనిషి కొన్ని నిమిషాల్లో ఆయాసపడతాడు, సిలిండర్ ఖాళీ అవుతుంది. మీ బుడగలు పైకి పోకుండా పక్కకో, కిందికో పోతుంటే నీరు మిమ్మల్ని కిందికి లాగుతోందని అర్థం. అప్పుడు నిటారుగా పైకి తన్నుకోవద్దు. రీఫ్ గోడకు దూరంగా అడ్డంగా ఈదండి, లేదా పగడాలు లేని రాయిని పట్టుకుని గైడ్ వైపు చూడండి. బీసీడీలో గాలి నింపాల్సి వస్తే, ఆ లాగుడు ఆగిన క్షణమే తీసేయడానికి చెయ్యి బటన్ మీదే ఉంచండి.

సిలిండర్‌లో గాలి పీడనం 70 బార్ మిగిలినప్పుడు రీఫ్ వదలాలి. 50 బార్‌తో పైన తేలాలి.

ఎస్‌ఎంబీ వదలడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి. "గైడ్ దగ్గర ఉంటుంది కదా అన్నా, మనకెందుకు?" అని బోట్ మీద ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. గైడ్ దగ్గర ఉన్నది గైడ్ ఎక్కడున్నాడో చెబుతుంది. కరెంట్‌లో గుంపు విడిపోవడం మామూలు విషయం.

చాలామంది ఐదు మీటర్ల దగ్గర ఆగాక వదలమంటారు. నేను పది మీటర్ల దగ్గరే వదలమంటాను. పడవవాడికి ముందే కనిపిస్తుంది, అతను వెంట వస్తాడు. పైగా ఐదు మీటర్ల దగ్గర చెయ్యి తడబడి రెండు మీటర్లు పైకి జారితే స్టాప్ చెడుతుంది. పది దగ్గర జారితే సర్దుకోవడానికి చోటు ఉంటుంది.

ముందు నీళ్లలో నిలకడగా ఆగండి. జేబు మీద చెయ్యి వేసే ముందే ఇది జరగాలి. ఫిన్స్ కదపకుండా, పైకీ కిందికీ పోకుండా ఉండగలిగాక బడ్డీకి, అంటే మీకు జతగా దిగిన డైవర్‌కి సైగ చేయండి. బడ్డీ మీకు ఎదురుగా వచ్చి రెండే పనులు చేస్తాడు: మీ లోతు చూడటం, దారం మీ ఒంటికి చుట్టుకుంటోందేమో చూడటం. సాయం చేస్తానని గొట్టం పట్టుకోకూడదు.

గొట్టం తీసి మడతలు పూర్తిగా విప్పండి. దారం దానికి ఒడ్డునే కట్టి ఉండాలి, నీళ్లలో ముడులు వేయడం వద్దు. స్పూల్‌కున్న రెండు వైపుల కొక్కేన్ని తీసి మీ ఛాతీ మీది రింగ్‌కి తగిలించండి. కొక్కెం మాత్రమే, స్పూల్ కాదు. స్పూల్‌ని గానీ రీల్‌ని గానీ బీసీడీకి తగిలించి గొట్టం వదలకూడదు. హావ్‌లాక్‌లో మా బోట్‌లోనే కూకట్‌పల్లి కుర్రాడొకడు చేతులు ఖాళీగా ఉంటాయని రీల్ బీసీడీకి తగిలించి గొట్టం వదిలాడు. రీల్ బిగుసుకుంది. గొట్టంతోపాటు మనిషి కూడా పైకి లేచాడు. గైడ్ ఫిన్ పట్టుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది. దారాన్ని వేలికో, అరచేతికో చుట్టుకోవడం కూడా ఇలాంటిదే.

ఇప్పుడు పైకి చూడండి. మీ తల మీద ఇంకో డైవర్ ఉన్నాడా, పడవ చప్పుడు వినిపిస్తోందా చూసుకోండి.

చిన్నగా ఒక ఊదు ఊదండి. గొట్టం నిటారుగా లేస్తుంది. మెలిక పడిందా, దారం వాల్వ్ చుట్టూ తిరిగిందా చూడండి. ఆ తర్వాత నోట్లో ఉన్న రెగ్యులేటర్‌లోంచి (సిలిండర్ గాలి అందించే పరికరం) నిండుగా ఊపిరి పీల్చి, రెగ్యులేటర్ తీసి, ఆ గాలంతా గొట్టంలోకి ఊదేసి, రెగ్యులేటర్ వెంటనే నోట్లో పెట్టుకోండి. ఎక్కడా ఊపిరి బిగబట్టకూడదు, పీల్చిన వెంటనే ఊదడమే.

ఆక్టోపస్, అంటే అదనంగా ఉండే రెండో రెగ్యులేటర్ కింద పెట్టి బటన్ నొక్కితే తొందరగా నిండుతుంది కదా అంటారు. ఒక లీటరు గాలి దాదాపు ఒక కిలో బరువును పైకి లాగుతుంది. నోటితో ఊదినప్పుడు మీ ఊపిరితిత్తుల్లోని గాలే గొట్టంలోకి మారుతుంది, మొత్తం తేలుడులో తేడా రాదు. ఆక్టోపస్‌తో నింపితే సిలిండర్‌లోని గాలి కొత్తగా చేరుతుంది, మీరు వదిలేలోపే అది మిమ్మల్ని లేపుతుంది. పైగా ఆక్టోపస్ గొట్టం దారంలో చిక్కుకునే ప్రమాదం వేరే. కాబట్టి నోటితోనే ఊదండి. నిండా నింపాలనుకోకండి. పది మీటర్ల దగ్గర పీడనం పైన ఉన్నదానికి రెట్టింపు, అంటే ఇక్కడ మీరు ఊదిన మూడు లీటర్లు పైకి వెళ్లేసరికి ఆరు లీటర్లు అవుతాయి.

ఊదిన మరుక్షణం వదలాలి. స్పూల్ రంధ్రానికి రెండు వైపులా బొటనవేలు, చూపుడువేలు కొసలు ఆన్చి, చెయ్యి ఒంటికి దూరంగా చాపి, రెండో చేత్తో గొట్టం వదిలేయండి. స్పూల్ గిర్రున తిరుగుతుంది. తిరగడం ఆగి చెయ్యి పైకి లాగినట్టు అనిపిస్తే స్పూల్ వదిలేయండి. ఆలోచించకండి, దాని ఖరీదు గుర్తు తెచ్చుకోకండి. పోతే కొత్తది కొనుక్కోవచ్చు. పది మీటర్ల నుంచి ఒక్కసారిగా లేస్తే ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచించి కణజాలం చిరిగే ప్రమాదం ఉంది. బడ్డీ దగ్గర రెండో ఎస్‌ఎంబీ ఉండాలనేది ఇందుకే.

గొట్టం పైకి చేరాక దారం బిగువుగా ఉంచాలి. సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్లకు ఇది కొత్త కాదు: వదులైన దారమే చిక్కుపడుతుంది. దారం చుట్టుకుంటూ పైకి రండి, దారం పట్టుకుని పైకి పాకకండి. ఒక కన్ను కంప్యూటర్ మీద ఉండాలి, వేగం నిమిషానికి 9 మీటర్లు దాటకూడదు. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి.

హైదరాబాద్‌లోనే ప్రాక్టీస్

మనం సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లం. ఏడాదికి ఒకటి రెండుసార్లు దిగితే చెయ్యి మర్చిపోతుంది. సైట్‌కి వెళ్లాక బోట్ మీద నేర్పిస్తాం అనే మాట నమ్మకండి, అక్కడ ఎవరికీ టైమ్ ఉండదు. ప్రయాణానికి నెల ముందు అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద మాస్క్ పెట్టుకుని కళ్లు మూసుకోండి. జేబులోంచి గొట్టం తీయడం, విప్పడం, కొక్కెం తీసి ఛాతీకి తగిలించడం, ఊదడం, మళ్లీ చుట్టడం వరసగా చేయండి. చూడకుండా తడబడకుండా వచ్చేదాకా చేయాలి. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ ఉన్న పూల్ సెషన్‌కి వెళ్లి, ఏమీ తాకకుండా మూడు నిమిషాలు ఒకే లోతులో ఆగి అదే పని చేయండి. అది రాకపోతే ఆ ట్రిప్‌లో కరెంట్ లేని సైట్లే ఎంచుకోండి.

పైకి వచ్చాక

బీసీడీలో గాలి నింపండి. మాస్క్ తీయకండి, రెగ్యులేటర్ నోట్లోనే ఉంచండి. గొట్టం కింది భాగం నీళ్లలోకి లాగి పట్టుకుంటే నిటారుగా నిలబడుతుంది. గాలి తక్కువుంటే నోటితో ఇంకాస్త ఊదండి. గుంపుగా ఉండండి. పడవ వైపు మీరు ఈదకండి, అది మీ దగ్గరికి వస్తుంది. ఇంజిన్ ఆగిందని సైగ వచ్చాకే నిచ్చెన దగ్గరికి వెళ్లండి.

రూమ్‌కి చేరాక స్పూల్ దారమంతా విప్పి మంచినీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, బిగించకుండా చుట్టండి.

ఇక విమానం సంగతి. ఆదివారం సాయంత్రం దాకా డైవ్ చేసి సోమవారం పొద్దున ఆఫీసుకి చేరాలని చూసేవాళ్లు మనలో ఎక్కువ. వరసగా కొన్ని రోజులు డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, నేనైతే ఒక రోజు పూర్తిగా వదిలేస్తాను. తిరుగు టికెట్ సోమవారం మధ్యాహ్నానికి తీసుకుంటే చివరి డైవ్ ఆదివారం ఉదయమే ముగించండి. ఆఫీసులో సోమవారం సెలవు ముందే పెట్టేయండి.