కొత్త విచారణ ఏర్పాటు – నాలుగో పాఠం: గురువుల మండలి మాట ఎంతవరకు?

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట: కతోలిక తిరుసభలో విచారణ అంటే ఒక గురువు (ఫాదర్) చూసుకునే స్థానిక విశ్వాసుల సంఘం, అంటే పారిష్. గురువుల మండలి అంటే బిషప్ గారికి సలహా ఇచ్చే గురువుల బృందం. పోయిన పాఠం చివర ఒక అర్జీ రాయమన్నాను. రేణిగుంట పక్కన ఒక ఉపకేంద్రం, అంటే ఇంకో విచారణ కింద నడిచే చిన్న సంఘం, ఉందనుకోండి. నూటయాభై కుటుంబాలు, సొంత గుడి, ఆదివారం తప్పకుండా పూజ. దాన్ని విచారణగా చేయమని బిషప్ గారిని అడగాలి. మీ అర్జీలు చదివాక, ఈసారి చెబుదామనుకున్న ఆస్తుల పంపకాన్ని వాయిదా వేయక తప్పలేదు.

ముందు చిన్న తప్పులు. ‘తిరుపతి వేరే జిల్లా అయినందున’ అని కొందరు మొదలుపెట్టారు. 2022 ఏప్రిల్ 4న మారినవి జిల్లా హద్దులు, మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) హద్దులు కావు. పాత చిత్తూరు జిల్లా 1976లో ఏర్పడిన కడప మేత్రాసనం కిందిది, ఇప్పటికీ అంతే. సూళ్లూరుపేట వాళ్లు తిరుపతి కలెక్టరు దగ్గరికి వస్తారు గానీ వాళ్ల బిషప్ గారు నెల్లూరులోనే ఉంటారు. ఇంకొందరు ‘గుడి కట్టుకున్నాం కనుక విచారణ ఇవ్వండి’ అన్నారు. గుడి కట్టడానికి బిషప్ రాతపూర్వక అనుమతి కావాలని తిరుసభ చట్టంలోని 1215వ కానన్ (నిబంధన) చెబుతుంది. ఆ అనుమతి గోడలకు ఇచ్చింది. విచారణ అంటే స్థిరంగా ఏర్పడిన విశ్వాసుల సమూహం, దానికి బిషప్ గారి ఆజ్ఞాపత్రం వేరే ఉండాలి.

ఇవి సరే. నన్ను విసిగించింది మాత్రం ‘గురువుల మండలి ఆమోదం పొంది’ అన్న వాక్యం. దాదాపు అందరూ రాశారు. ఆమోదం ఎవరు అడిగారు?

515వ కానన్ రెండో భాగం తెరవండి. విచారణను నెలకొల్పడం, రద్దు చేయడం, చెప్పుకోదగ్గ మార్పు చేయడం మేత్రాసన బిషప్ ఒక్కరి పని. అయితే గురువుల మండలి అభిప్రాయం వినకుండా చేయకూడదు. అంటే మండలికి తీర్పు చెప్పే అధికారం లేదు, కానీ దాన్ని దాటుకుని పోవడమూ కుదరదు. ఈ రెండూ ఒకేసారి పట్టుకోలేకపోతే తర్వాతి పాఠాలన్నీ వంకర పోతాయి.

మండలిలో పదిహేను మంది ఉన్నారనుకుందాం. పద్నాలుగు మంది వద్దన్నారు, బిషప్ గారు స్థాపించారు. చెల్లుతుంది. అందరూ ఒక్కమాటగా వద్దన్నా చెల్లుతుంది. గట్టి కారణం లేకుండా ఆ మాట తోసిపుచ్చరాదని 127వ కానన్ హెచ్చరిస్తుంది, ఆ కారణం గట్టిదా కాదా అని తూచుకునేది కూడా బిషప్ గారే.

ఇప్పుడు తిప్పి చూడండి. పదిహేను మందికీ ఇష్టమే, ఆ సంగతి బిషప్ గారికీ తెలుసు, అందుకని మండలిని పిలవకుండానే సంతకం పెట్టారు. చెల్లదు. పోనీ ఒక్కొక్కరికీ ఫోను చేసి అడిగారు. అదీ చాలదు. మేత్రాసనం సొంత నియమం వేరే దారి చూపితే తప్ప, ప్రతి సభ్యుడినీ సమావేశానికి పిలవాల్సిందే. పిలిచి, కాఫీ ఇచ్చి, ‘ఫలానా ఊరిని విచారణ చేశాం’ అని ప్రకటిస్తే? అది వాళ్లకు చెప్పడం, వాళ్ల మాట వినడం కాదు. నేను చూసిన గొడవల్లో ఎక్కువ ఇక్కడే పుట్టాయి.

ఈ ‘ఆమోదం’ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఒక మొత్తం దాటిన తిరుసభ ఆస్తి అమ్మాలంటే ఆర్థిక సంఘం, సలహాదారుల బృందం సమ్మతి ఉండి తీరాలి. స్థలాల వ్యవహారాల్లో నలిగిన పెద్దలు ఆ అలవాటే ఇక్కడికీ తెస్తారు. అది 1292వ కానన్, దాని పని వేరు.

ఆజ్ఞాపత్రం చేతికొస్తే నేను విషయం చదవను, ముందు తేదీలు చూస్తాను. మండలి కూర్చున్న రోజు, సంతకం చేసిన రోజు, చదివి వినిపించిన రోజు. ఈ వరుస తప్పిందంటే మిగతా పేజీలు తర్వాత చదువుకోవచ్చు.

హద్దుల గురించి చెప్పేదేముంది, విచారణ సాధారణంగా ప్రాంతాన్ని బట్టి ఏర్పడుతుంది. నాకైతే పటం మీద గీత కంటే రైలు కట్ట నమ్మకం. ‘స్వర్ణముఖి వరకు’ అని మాత్రం రాయకండి, ఏ గట్టు వరకో రాయండి. సక్రమంగా నెలకొల్పిన విచారణకు తిరుసభ చట్టరీత్యా వ్యక్తిత్వం, అంటే సొంత హక్కులు, బాధ్యతలు ఉండే హోదా, దానంతట అదే వస్తుంది, దానికి మళ్లీ అర్జీ అక్కర్లేదు.

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మిత్రులు కూడా చదువుతున్నారట, సంతోషం. 1947లో ఏర్పడిన మీ సభకు సొంత రాజ్యాంగం ఉంది, ఇక్కడి కానన్లు అక్కడ ఉదహరించకండి.

అభ్యాసం. మండలి జూన్ 10న సమావేశమైంది. ఆజ్ఞాపత్రం మీద తేదీ జూన్ 8. జూన్ 21 ఆదివారం పూజలో చదివారు. ఏ విచారణ నుంచి విడదీశారో దాని గురువు గారికి అభ్యంతరం ఉంది. ఆయన మొదట ఎవరికి రాయాలి, గడువు ఏ రోజు నుంచి లెక్క, అభ్యంతరం నిలుస్తుందా? 51, 127, 1734 కానన్లు దగ్గర పెట్టుకోండి. తర్వాత అదే ఆజ్ఞాపత్రాన్ని తప్పు లేకుండా, కారణాలతో, ఒక్క పేజీలో మీరే రాయండి. కానన్ సంఖ్య లేని జవాబు పంపితే తిప్పి పంపుతాను.